కుడి ముంజేయి, లోపలి వైపు

1936 నవంబరు 3, మంగళవారం. ఏలూరు.

జ్వరం చార్టుల పుస్తకంలో వెనక కాగితాలు ఖాళీగా ఉన్నాయి. వాటిలో రాస్తున్నాను. చెప్పుకోవడానికి ఇంట్లో నాన్నగారు ఉన్నారు గానీ, ఆయన వినగానే ప్రార్థన చేద్దామంటారు. ఇవాళ నాకు ప్రార్థన చేసే బుద్ధి లేదు.

డ్యూటీ దిగి ప్రెస్సుకు వెళ్ళాను. కంపోజిటరు హుస్సేన్ గారు నన్ను చూసి, చేతిలో ఉన్న ప్రూఫు కాగితాన్ని బోర్లా పెట్టేశారు. సిరా ఇంకా ఆరలేదు, రేపు రమ్మన్నారు. ప్రూఫు ఆరడానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలియదా. చెయ్యి చాచాను. ఇచ్చారు.

పైన పుస్తకం పేరు, దేహనిర్మాణ బోధిని. దాని కింద డాక్టరు వెంకట్రాజు గారి పేరు, ఆయన డిగ్రీలు. ఆ కింద చిన్న అక్షరాల్లో 'నూట అరవైమూడు చిత్రములతో'. అంతే. చిత్రములతో. వానకు పుట్టగొడుగులు లేచినట్టు ఆ నూట అరవైమూడూ వాటంతట అవే లేచాయి కాబోలు.

రాతప్రతి చూపించమన్నాను. అందులో నా పేరు ఉంది. డాక్టరుగారి దస్తూరీతోనే ఉంది: 'చిత్రములు వ్రాసినది కుమారి రత్నమాణిక్యం, నర్సు.' ఆ పంక్తి మీద ఎర్ర సిరా గీత. చేతితో కొట్టేసిన గీత కాదు, స్కేలు పెట్టి గీసింది.

రెండేళ్ళు. ఆసుపత్రి వెనక పెంకుల షెడ్డులో రెండేళ్ళు. దిక్కులేని శవం ఉంటే, పోలీసు కాగితం వచ్చాక, పాతిపెట్టేలోపు మాకు దొరికేది ఒక పగలు, మహా అయితే రెండు. ఆయన కోసి విప్పి చూపించేవారు, నేను గీసేదాన్ని. మూతికి కర్పూరం గుడ్డ కట్టుకుని, ఈగలు కాగితం మీద వాలకుండా ఎడమచేత్తో విసురుకుంటూ గీసేదాన్ని. ఆయన మణిబంధం అని రాస్తే, మంత్రసానులకు మణికట్టు అంటేనే తెలుస్తుందని చెప్పి మార్పించింది నేను. మిషను స్కూల్లో దొరసాని పువ్వులూ ఆకులూ గీయడం నేర్పితే, ఆ చేత్తో మనిషి గుండె గీశాను.

నాకు కోపం లేదు. ఆశ్చర్యంగా ఉంది, అంతే.

నవంబరు 4

కోపం ఉంది.

నవంబరు 6, శుక్రవారం

ఇవాళ అడిగాను. రోగులందరూ వెళ్ళాక ఆయన గదిలోకి వెళ్ళి, నా పేరు ఎందుకు తీసేశారండీ అని సూటిగానే అడిగాను.

ఆయన కసురుకోలేదు. ఆయన ఎవరినీ కసురుకోరు. కుర్చీ చూపించి, నెమ్మదిగా కారణాలు చెప్పారు. అచ్చు వేయిస్తున్నది తాడేపల్లిగూడెం రైసుమిల్లు యజమాని. ఆయన టైటిలు పేజీ చూసి అభ్యంతరం చెప్పారట. బొమ్మల్లో మగవాళ్ళ శరీరాలు ఉన్నాయి. వాటి కింద పెళ్ళికాని ఆడపిల్ల పేరు ఉంటే పుస్తకాన్ని ఏ స్కూలూ తీసుకోదు. పుస్తకం సంగతి అటుంచి, ఊళ్ళో నా గురించి ఏమనుకుంటారు?

"నీ మంచికే చెబుతున్నాను మాణిక్యం" అన్నారు.

"గీయించేటప్పుడు నా మంచి గుర్తుకు రాలేదాండీ?" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ముందుమాటలో 'ఆసుపత్రి సిబ్బందిలో ఒకరు తోడ్పడినారు' అని వేస్తానన్నారు. సిబ్బందిలో ఒకరు. నీళ్ళు మోసే అప్పన్న కూడా సిబ్బందిలో ఒకరే. పక్షవాతంతో చెయ్యి పడిపోయిన రిజిస్టరు గుమాస్తా కూడా సిబ్బందిలో ఒకరే.

ఆయన చెడ్డవారని రాయలేను. ఇంగ్లీషు రాని కాంపౌండర్లకూ నర్సులకూ మనిషి లోపల ఏముందో తెలియాలని తన పన్నెండు పడకల ఆసుపత్రి రాబడిలో సగం ఈ పుస్తకానికే పోస్తున్న మనిషి. అందుకే ఇంకా మండుతోంది. దొంగ దొంగతనం చేస్తే ఇంత మండదు.

బయటికి వస్తుంటే వరండాలో ఎవరో కొల్లేటి లంకల మనిషి కూర్చుని ఉంది. తమ్ముడు ఈ ఆసుపత్రికి వచ్చాడేమో పుస్తకంలో చూసి చెప్పమంది. పని ఉందన్నాను. మనిషి బతికుండగా రారు వీళ్ళు. అంతా అయ్యాక వచ్చి వరండాలో కూర్చుంటారు.

నవంబరు 9

నాన్నగారికి చెప్పక తప్పలేదు, అన్నం ఎందుకు తినడం లేదని అడిగారు. నలభై ఏళ్ళు మిషను బళ్ళో పాఠాలు చెప్పిన మనిషి. కామవరపుకోట వైపు పల్లెల్లో ఆయన బెత్తం తెలియని పిల్లలు లేరు. కానీ పెద్దవాళ్ళ మీద ఆయనకు ఏనాడూ కోపం రాలేదు.

"నీ పేరు దేవుని జీవగ్రంథంలో ఉంటే చాలునమ్మా" అన్నారు.

దాన్ని ఏ ప్రెస్సులో వేస్తున్నారో, ప్రూఫులు ఎవరు దిద్దుతున్నారో అన్నాను. నాన్నగారు కంచం ముందు నుంచి లేచిపోయారు. ప్రభుదాసు గారి కూతురు ఇలా మాట్లాడిందంటే చర్చిలో ఎవరూ నమ్మరు.

నవంబరు 15, ఆదివారం

ఆ లంకల మనిషి మళ్ళీ వచ్చింది. పేరు కనకమ్మట. నలభై అయిదేళ్ళుంటాయి. కొంగలంక అని కొల్లేటి నడుమ ఉన్న ఊరు.

"మా తమ్ముడండి, నర్సమ్మగారూ. పెద్దిరాజు. గూడెం మిల్లులో బస్తాలు మొయ్యడానికెల్లాడండి. జొరమొస్తే ఏలూరు పంపించేశారని మొన్ననే తెలిసిందండి."

రిజిస్టరు గుమాస్తా దగ్గర ఉంటుంది, ఆయన ఆదివారం రాడు, ఇంకో రోజు రా అన్నాను. ఆమె సరేనండి అంది. లంక నుంచి ఇక్కడికి ఒక పూట దోనె, ఒక పూట నడక.

రిజిస్టరు బీరువా తాళం నా దగ్గర కూడా ఒకటి ఉంది. అది వేరే సంగతి.

నవంబరు 16

రిజిస్టరులో ఫిబ్రవరి పేజీ చూశాను. నా దస్తూరీయే.

నవంబరు 20, శుక్రవారం

మద్రాసు నుంచి బొమ్మల అచ్చు బ్లాకులు, చివరివి, వచ్చాయి. హుస్సేన్ గారు ఒక్కొక్కటే ప్రూఫు తీసి చూపించారు. నలభై ఏడో చిత్రం దగ్గర ఆయన ఆగిపోయి, కాగితాన్ని కిటికీ వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూశారు.

చిత్రం 47. కుడి ముంజేయి, లోపలి వైపు.

ఇందులో ఉన్న నూట అరవైమూడింటిలో నాకు సిగ్గు లేకుండా గర్వం ఉన్నది దీని మీదే. చర్మం రెండు పక్కలకీ మడిచి, మోచేతి నుంచి దిగిన కండరాలు సన్నబడి సన్నబడి తాళ్ళలా మారి, మణికట్టు దగ్గర పట్టీ కిందుగా దూరి, అరచేతిలో వేళ్ళకు విడిపోయే చోటు. తెడ్డు వేసిన చెయ్యి. అలాంటి చెయ్యి గదుల్లో కూర్చునేవాళ్ళకు ఉండదు. విశాఖపట్నం నుంచి ఒక పెద్ద డాక్టరు దీని నకలు చూసి, తాను చదివిన ఏ సీమ పుస్తకంలోనూ ఇంత ప్రాణమున్న చెయ్యి లేదని ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం వెంకట్రాజు గారి పేర వచ్చింది. ఆయన దాన్ని అద్దం కట్టించారు.

"ఇది ఎవరిదండీ?" అన్నారు హుస్సేన్ గారు.

నాది అన్నాను.

గీసింది ఎవరని అడుగుతున్నారనుకున్నాను. ఆయన అడిగింది అది కాదేమో.

నవంబరు 27, శుక్రవారం

ఇవాళ గుమాస్తా ఉన్నాడు. కనకమ్మకు రిజిస్టరు చదివి చెప్పాడు. నేను వార్డులో మందులు పోస్తున్నాను, నాకు వినిపించింది. పెద్దిరాజు, వయస్సు సుమారు ముప్పై, ఊపిరితిత్తుల వాపు, ఫిబ్రవరి పదకొండున చేరిక, పద్నాలుగున మరణం. బంధువులు: ఎవరూ లేరు.

ఆమె ఏడవలేదు. ఎవరూ లేరని ఎవరు రాశారని అడిగింది. నర్సమ్మగారు రాసి ఉంటారన్నాడు గుమాస్తా. ఆమె వార్డులోకి వచ్చి నా ఎదుట నిలబడింది.

"ఎవరూ లేరని మావోడు చెప్పాడాండీ?"

వచ్చినప్పటి నుంచి స్పృహ లేదమ్మా అన్నాను.

ఆమె తల ఊపింది. వెళ్తూ వెళ్తూ కొంగులో కట్టుకొచ్చిన ఎండుచేపల పొట్లం బల్ల మీద పెట్టింది. "మావోడికి నోట్లో మందు పోశారు గదండి. తీస్కోండి" అంది.

నాన్నగారు వండారు. నాకు తినబుద్ధి కాలేదు.

డిసెంబరు 2

ఈ నెల పదమూడున తాడేపల్లిగూడెంలో పుస్తకావిష్కరణ సభ అట. ఆసుపత్రి సిబ్బందికి కూడా ఆహ్వానం ఉంది. సిబ్బందికి.

డిసెంబరు 8

వెళ్తాను. పెన్సిలు బొమ్మల అసలు కాగితాలు నా దగ్గరే ఉన్నాయి, ప్రతి దాని మూలా నా పేరూ తేదీ ఉన్నాయి. డాక్టరుగారు మాట్లాడడం అయ్యాక లేచి, అయ్యా, ఈ బొమ్మలు గీసింది నేను అంటాను. అంతకు మించి ఒక్క ముక్క కూడా అనను. తర్వాత ఏమైనా కానీ. వాక్యాన్ని పదిసార్లు అనుకుని చూశాను, గొంతు వణకడం లేదు.

నా పేరు నాకు కావాలి. అది తప్పా?

డిసెంబరు 13, ఆదివారం

పొద్దున రైల్లో గూడెం వెళ్ళి ఇప్పుడే తిరిగి వచ్చాను. లేవలేదు. అంటే లేచాను, కానీ

డిసెంబరు 14, సోమవారం

నిన్నటి వాక్యం పూర్తి చేయాలి.

మిల్లు పక్క హాలు నిండిపోయింది. ఆడవాళ్ళం ఆరుగురం, పక్కగా బెంచీ వేశారు. బొమ్మల చుట్ట నా ఒళ్ళో ఉంది. మిల్లు యజమాని డాక్టరుగారికి దండ వేశారు. ఆంధ్ర భాషకు ఇది గొప్ప సేవ అని ఒకాయన అరగంట మాట్లాడారు. చిత్రాలు అద్భుతమన్నారు. చిత్రకారుడు ఎవరో గానీ అన్నారు. చిత్రకారుడు. నేను అప్పుడే లేచాను. పక్కనున్నావిడ నా చీర లాగింది, అయినా నిలబడే ఉన్నాను. వేదిక మీద డాక్టరుగారు నన్ను చూశారు. ఆయన ముఖం పాలిపోయింది, నేను చూశాను. ఆయన మాట్లాడడానికి లేచి, తడబడకుండా, ముందుగా అనుకున్న ఉపన్యాసమే మొదలుపెట్టారు.

ఈ పుస్తకానికి అసలు రచయితలు వేరే ఉన్నారన్నారు ఆయన. బొమ్మల చుట్ట ముడి విప్పబోయాను. ఈ లోకంలో తమవారంటూ ఒక్కరూ లేని దిక్కులేని మనుషులు చనిపోయాక తమ శరీరాలను మనకు పాఠంగా ఇచ్చారు. కన్నీరు కార్చడానికి ఒక తల్లీ, ఒక తోబుట్టువూ లేనివారు. వారికి నమస్కరిద్దాం అన్నారు. నలభై ఏడో చిత్రం ఉన్న పేజీ తెరిచి పైకెత్తి చూపించారు. హాలంతా లేచి నిలబడి చేతులు జోడించింది. నేను ముందే నిలబడి ఉన్నాను కాబట్టి, నన్ను ఎవరూ ప్రత్యేకంగా చూడలేదు. అందరూ కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను.

ఆయనకు తెలియదు. తెలిసినది నాకే.

ఫిబ్రవరి పదకొండున పెద్దిరాజును జట్కా అతను స్టేషను నుంచి తీసుకొచ్చి దింపాడు. ఒళ్ళు కాలిపోతోంది గానీ స్పృహ ఉంది. చివరి పూట దాకా ఉంది. మొదటి రోజే చెప్పాడు: "అక్క ఉందండి, కొంగలంకలో. కనకమ్మంటారండి. చేపల గంపలోళ్ళతో చెబితే చేరిపోద్దండి." చెబుతాను అన్నాను. చేపల గంపలవాళ్ళు రోజూ పొద్దున్నే కాలువ గట్టున దిగుతారు, నేను ఆసుపత్రికి వచ్చే దారి అదే. మొదటి రోజు మరిచిపోయాను, అది నిజం. రెండో రోజు, జ్వరం దిగుతుందిలే, అతనే వెళ్ళి కనిపిస్తాడులే అనుకున్నాను. అదీ కొంత నిజం. మూడో రోజు అతను మళ్ళీ అడిగాడు, చెప్పానన్నాను. అతను నవ్వి, కుడి చెయ్యి దుప్పటి మీద పెట్టుకుని నిద్రపోయాడు. ఆ చెయ్యి చూశాను.

అప్పటికి నాలుగు నెలల నుంచి మేము ఒక చెయ్యి కోసం ఎదురు చూస్తున్నాం. వచ్చినవాళ్ళు ముసలివాళ్ళు, లేదా నీరు పట్టినవాళ్ళు. ఇరవైకి పైగా కాగితాలు చింపేశాను.

పద్నాలుగు పొద్దున అతను పోయాడు. డాక్టరుగారు వచ్చి నాడి చూసి, ఎప్పుడూ అడిగినట్టే అడిగారు. "ఇతనికి ఎవరైనా ఉన్నారా మాణిక్యం?"

"లేరండి. ఎవరూ లేరన్నాడు."

ఒక్క ఊపిరిలో అయిపోయింది. తర్వాత రిజిస్టరు తీసి రాశాను. పోలీసు కాగితం వచ్చింది. నేను వెళ్ళి పెన్సిళ్ళు చెక్కుకున్నాను. ఆ రెండు పగళ్ళూ నా చెయ్యి ఎంత బాగా నడిచిందో నాకు తెలుసు. మధ్యలో ఒకసారి పాట కూడా పాడుకున్నాను.

ఇన్నాళ్ళూ ఈ పుస్తకంలో పేరు పేరు అని ఏడిచింది నేనే.

డిసెంబరు 17, గురువారం

డాక్టరుగారికి చెప్పేశాను. మధ్యాహ్నం, ఆయన గదిలో, తలుపు వేసి.

ఇంతవరకూ ఆయన గొంతు పెద్దది చేయగా నేను వినలేదు. ఇవాళ విన్నాను. "నిన్ను అడిగానా లేదా? ప్రతిసారీ అడిగానా లేదా?" అన్నారు. అడిగారండి అన్నాను. ఆ ఒక్క ప్రశ్న మీదే తాను రాత్రిళ్ళు నిద్రపోగలిగానని, నేను దాన్ని అబద్ధం చేశానని అన్నారు. ఆయన మీద పడాలని నెల్లాళ్ళుగా నేను కూడబెట్టుకున్న కోపమంతా ఆయన నోటి నుంచి నా మీద పడింది.

తర్వాత నెమ్మదించారు. ఎవరికీ చెప్పవద్దన్నారు. పోలీసుల దాకా వెళ్తుంది, ఆసుపత్రి మూతపడుతుంది, పుస్తకం పోతుంది. పోయినవాడు ఎలాగూ రాడు, ఆ మనిషికి చెప్పి మాత్రం ఏం లాభం అన్నారు.

లంకకు వెళ్తున్నానండి అన్నాను. ఆయన గోడవైపు చూశారు.

డిసెంబరు 20, ఆదివారం

కొంగలంక వెళ్ళి వచ్చాను. నాన్నగారు తోడు వస్తానన్నారు, వద్దన్నాను. గుడికి రాకుండా ఎక్కడికి అని అడగలేదు ఆయన, తలమీద చెయ్యి పెట్టి పంపించారు.

గట్టు దాకా బండి, అక్కడి నుంచి తాటిదోనె. దోనె నడిపిన ముసలాయన దారి పొడుగునా గూడబాతుల గురించి చెప్పాడు, ఈ ఏడు ఆలస్యంగా వచ్చాయట. నేను ఆయన చేతులకేసి చూడలేక నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నాను.

కనకమ్మ ఇంటి ముందు చేపలు పట్టే మావులు అల్లుకుంటోంది. నన్ను చూసి లేచి, నర్సమ్మగారొచ్చారంటూ లోపలికెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చింది. ముందు వినండి, తర్వాత ఇవ్వండి అన్నాను. నిలబడే చెప్పాను. స్పృహ ఉందని చెప్పాను. మీ పేరు చెప్పాడని, రెండుసార్లు చెప్పాడని, ఎవరితో చెప్పాలో కూడా చెప్పాడని, నేను చెప్పలేదని. ఎందుకు చెప్పలేదో చెప్పాను. బొమ్మ విప్పి చూపించాను.

ఆమె బొమ్మ పట్టుకోలేదు. వంగి చూసింది. తోలు తీసిన చెయ్యి, కండలు, నరాలు. ఎవరి చెయ్యో చెప్పడానికి గుర్తేమీ ఉండదనుకున్నాను. చిటికెన వేలు దగ్గర ఆమె చూపు ఆగింది.

"చిన్నప్పుడు దోనెకీ గట్టుకీ మజ్జిన పడి నలిగిందిది" అంది.

నేను ఆ వంకర గీశాను. ఉన్నది ఉన్నట్టు గీశాను. ఎందుకు వంకర పోయిందని అనుకోనైనా లేదు.

ఎక్కడ పెట్టారని అడిగింది. తమ్మిలేటి గట్టున, ఆసుపత్రికి ఇచ్చిన స్థలంలో, గుర్తు ఏమీ పెట్టలేదండి అన్నాను. ఇరుగుపొరుగు చేరారు. ఎవరో నన్ను తిట్టారు, తిట్టనిచ్చాను. ఆమె తిట్టలేదు. ఈ పది నెలలూ తమ్ముడికి తాను పట్టలేదని, పొలానికీ నీళ్ళకీ దూరంగా పోయి అక్కను మరిచిపోయాడని, వాడి మీద కోపం పెట్టుకుని కూర్చున్నానని అంది. పెద్దింట్లమ్మ తీర్థానికి కూడా రాలేదని వాడిని శాపనార్థాలు పెట్టానంది. అది చెబుతున్నప్పుడు మాత్రం ఆమె కొంగుతో ముఖం కప్పుకుంది.

నీళ్ళ చెంబు తీసి లోపల పెట్టేసింది. మళ్ళీ వచ్చి నా ముఖంలోకి చూసి, అంతవరకూ మీరు అన్న మనిషి, నువ్వు అంది.

"ఎవరూ లేరని రాశావు గదా. ఉన్నారని రాయి. ఎక్కడ రాస్తావో నాకు తెల్దు. రాసి తీసుకురా."

డిసెంబరు 22

ప్రెస్సుకు వెళ్ళాను. సభకోసం కుట్టించినవి ఇరవై ప్రతులేనట, మిగిలినవి ఇంకా కుట్టని ఫారాలుగానే ఉన్నాయి. అచ్చుతప్పులు పదకొండు దొరికాయని, తప్పొప్పుల పట్టిక ఒక చీటీగా వేసి ప్రతి పుస్తకంలోనూ అంటించబోతున్నామని హుస్సేన్ గారు చెప్పారు. పన్నెండోది ఒకటి ఉందండి అన్నాను. కాగితం మీద రాసి ఇచ్చాను.

ఆయన చదివారు. కాగితం మడిచి నాకే తిరిగి ఇచ్చారు. "డాక్టరుగారి సంతకం లేకుండా నేను అక్షరం కదపకూడదమ్మా" అన్నారు. ఇంతవరకూ నర్సమ్మగారూ అనేవారు. ఆ అమ్మా జాలితో అన్నారో, అసహ్యంతో అన్నారో తెలియలేదు.

డిసెంబరు 23

డాక్టరుగారు కుదరదన్నారు.

డిసెంబరు 25, క్రిస్మసు

గుడిలో పాటలు పాడారు. నేను పెదవులు కదిపాను.

డిసెంబరు 28, సోమవారం

మళ్ళీ వెళ్ళాను. నలభై ఏడో చిత్రాన్నే తీసేద్దాం, ఆ ఫారం మళ్ళీ వేయిస్తాను అన్నారు డాక్టరుగారు. ఆయన మనసుకు అది పెద్ద త్యాగమే. ఆ మనిషి అడిగింది తీసేయమని కాదండి అన్నాను. అతని పేరు వేస్తే, వెంకట్రాజు తెలిసి తెలిసి అక్క ఉన్నవాడిని కోశాడంటారు లోకులు, అది నేను భరించలేను అన్నారు.

అప్పుడు రెండో కాగితం ఇచ్చాను. అందులో ఇంకొక పంక్తి కలిపి తెచ్చాను, సంగతి దాచింది నేనని, నా పేరుతో. పోలీసులు అడిగితే నన్ను అడుగుతారు. లోకులు అంటే నన్ను అంటారు.

ఆయన చదివి, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని చదివారు. "నీకు పెళ్ళి కాదు. ఇంకెక్కడా ఉద్యోగం దొరకదు" అన్నారు. తెలుసండి అన్నాను. కలం తీశారు. 'దాచినది' అన్నచోట 'మరుగుపరచినది' అని దిద్దారు. వద్దండి, కనకమ్మగారికి తెలిసే మాట ఉండాలి అన్నాను. తన దిద్దుబాటు తానే కొట్టేసి సంతకం చేశారు.

ఒకటో తేదీ నుంచి ఆసుపత్రికి రావద్దన్నారు. నా ముఖం చూస్తే ఆ పెంకుల షెడ్డులోకి మళ్ళీ అడుగు పెట్టలేనన్నారు. టైటిలు పేజీలో నా పేరు సంగతి ఇద్దరం ఎత్తలేదు. ఆ విషయంలో ఆయన చేసింది అన్యాయమే, ఇప్పటికీ అదే అంటాను. కానీ ఆ మాట అనడానికి ఇవాళ నాకు నోరు రాలేదు, అదీ ఒక మంట.

1937 జనవరి 5, మంగళవారం

చీటీలు వచ్చాయి. హుస్సేన్ గారు కబురు పెట్టారు. పదకొండు తప్పుల కింద, పన్నెండోది:

'పుట 118, చిత్రము 47. ఈ చేయి దిక్కులేనివానిది అనుట తప్పు. ఇది కొంగలంక కాపురస్తుడు పెద్దిరాజుది. అతనికి అక్క కనకమ్మ కలదు. ఈ సంగతి అతడు చెప్పియుండగా దాచినది, చిత్రములు వ్రాసిన రత్నమాణిక్యం.'

నా పేరు అచ్చులో చూసుకోవడం ఇదే మొదటిసారి. ఉన్నదంతా రాయాలి కాబట్టి రాస్తున్నాను: చూడగానే ఒక్క క్షణం సంతోషం కలిగింది. చిత్రములు వ్రాసిన రత్నమాణిక్యం. ఆ మూడు మాటలే చదువుకున్నాను. తర్వాత ముందున్నవి కూడా చదివాను.

ఆ సైజు అక్షరాలు చీటీలకే వాడతారట. ఇంతకన్నా చిన్నవి మా దగ్గర లేవన్నారు హుస్సేన్ గారు.

జనవరి 10, ఆదివారం

ఈసారి నాన్నగారు కూడా వచ్చారు. చీటీ ఆయనకు ముందే చూపించాను. ప్రార్థన చేద్దామనలేదు. కోటు తొడుక్కుని దోనె ఎక్కారు, అంతే.

కనకమ్మ ఇంటి ముందు పదిమంది దాకా చేరారు. పుస్తకం తెరిచి ఆమె ముందు పట్టి, చీటీ అంటించిన పేజీ చూపించాను. ఆమెకు చదువు రాదు. పక్కింటి అతను కాస్త చదువుకున్నవాడు, నేను చదువుతానంటూ ముందుకు వచ్చాడు. ఆమె వద్దంది.

"అదే చదవాలి" అంది నన్ను చూపిస్తూ.

చదివాను. పెద్దిరాజు పేరు రాగానే ఒక ముసలావిడ గట్టిగా ఏడ్చింది. కనకమ్మ చెయ్యెత్తి ఆమెను ఆపింది. నా పేరు కూడా ఏశారా అని అడిగింది. వేశారండి, ఇదిగో అని వేలితో చూపించాను. ఆ చోట అక్షరాల మీద ఆమె తన వేలు పెట్టి, కాసేపు అలాగే ఉంచింది.

"నువ్వు దాచావని కూడా ఉందా?"

"ఉందండి."

"ఆ ముక్క మళ్ళీ సదువు. అందరికీ ఇనపడాల."

చదివాను. నా పేరు దగ్గర మాట మింగేశాను, నాన్నగారు నేల చూపులు చూస్తున్నారు. వెనకనున్నవాళ్ళకు వినబడలేదంది కనకమ్మ. మూడోసారి చదివాను. ఈసారి చివరి దాకా, నా పేరు దాకా, మింగకుండా చదివాను.

ఆమె పుస్తకం నా చేతిలోంచి తీసుకుని కొంగుతో పైన తుడిచి, ఇంట్లోకి తీసుకెళ్ళి పెట్టి వచ్చింది. రేపు ఏలూరు వస్తాను, తమ్ముణ్ణి పెట్టిన గట్టు చూపించమంది. సరేనన్నాను. కబురు మరిచిపోతావేమో అంది. మరిచిపోనండి, కాలువ దగ్గరే నిలబడి ఉంటాను అన్నాను.

ఆమె నాన్నగారి కోసం పీట వాల్చింది. నన్ను చూసింది. తర్వాత మావులు పక్కకు జరిపి, అరుగు మీద చోటు చేసింది.

"కూర్చో" అంది.